వదిలిన చేప ఏ ఖాతాలో?

చేపను పట్టి కూర వండుకునేవాడు దయగలవాడా, పట్టి తిరిగి నీళ్లలో వదిలేసేవాడు దయగలవాడా? ఎవరినడిగినా తడుముకోకుండా రెండోవాడినే చూపిస్తారు. చంపినవాడికంటే వదిలినవాడు మేలన్నది మనకు ఉగ్గుపాలతో అబ్బిన లెక్క. ఆ లెక్కను ఒకసారి పద్దు పద్దుగా తిరగేసి చూద్దామన్నదే ఈ వ్యాసం. బి.కాం. చదివి, ముప్పయ్యేళ్లకు పైగా బ్యాంకులో పనిచేస్తున్న నాకు తత్త్వశాస్త్రంలో ప్రవేశం లేదు. ఒక పద్దు నిజంగా ముగిసిందా, ముగిసినట్టు కనిపిస్తోందా అని చూడటం మాత్రం వృత్తి నేర్పింది. ఈ ప్రశ్నకు ఆ చూపు కొంత పనికొస్తుందని నా నమ్మకం.

ప్రశ్న పుట్టింది మన చెరువుగట్టు మీద కాదు, అమెరికాలో. హోసూరు, కోలారు, బరంపురం, యానాం అని తేడా లేకుండా మన తెలుగు కుటుంబాల్లో చాలావాటికి ఈ రోజుల్లో అక్కడొక కొడుకో కూతురో ఉంటున్నారు. మా అమ్మాయి డల్లాస్ దగ్గర ఉంటుంది. నిరుడు చలికాలం చివర్లో సెలవు పెట్టి మేమిద్దరం వెళ్లి ఏప్రిల్ దాకా ఉండి వచ్చాం. అక్కడికి వెళ్లిన తల్లిదండ్రులకు మొదటి పదిరోజులు వింతలు చూడటంతో సరిపోతాయి; ఆ తర్వాత పగలు గడవదు. అటువంటివారికి ఊరి పక్కనుండే చెరువులే పెద్ద దిక్కు. లూయిస్‌విల్, లెవాన్, రే హబ్బర్డ్ అంటూ డల్లాస్ చుట్టూ ఉన్నవన్నీ మన కృష్ణగిరి డ్యామ్ మాదిరి, కట్టలు వేసి నింపిన జలాశయాలే. మా అల్లుడుగారు ఆదివారాలు అక్కడ క్రాపీ అనే చేపకు గాలం వేస్తారు. శనివారం ఇంట్లోకి చేప రాకూడదని మా ఆవిడ నియమం గనుక ఆదివారమే కుదిరేది. నన్నూ, ఏడేళ్ల మనవణ్ణీ వెంట తీసుకెళ్లేవారు.

ఈ క్రాపీ గురించి నాలుగు మాటలు చెప్పాలి. వెళ్లే పాఠకులకు ఉపయోగపడుతుంది, చర్చకూ అవసరమే. ఇది ఉత్తర అమెరికా మంచినీటి చేప. తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ అని రెండు జాతులు. అరచేతి వెడల్పున, పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, వెండి రంగు మీద నల్లటి చుక్కలతో ఉంటుంది. లూయీజియానాలోని ఫ్రెంచివాళ్లు దీన్ని పాలసంచి అనే అర్థమొచ్చే పేరుతో పిలుస్తారు. మాంసం అంత తెల్లగా, మెత్తగా ఉంటుంది. పులుసుకంటే వేపుడుకు బాగుంటుందని మా ఆవిడ తీర్పు. నోరు మాత్రం కాగితమంత పలచన. గాలం తగిలాక గట్టిగా గుంజితే పెదవి చిరిగిపోతుంది, చేప జారిపోతుంది. అందుకే కొత్తవాళ్లకు అక్కడివారు చెప్పే మొదటి పాఠం – గుంజవద్దు, మెల్లగా ఎత్తు.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. తేలికపాటి గాలపు కర్ర, నాలుగు నుంచి ఆరు పౌన్ల బరువు ఓర్చే సన్నని దారం, ఒక బెండు, చిన్న చిన్న గాలాలు. ఎరగా బతికున్న చిన్న చేపపిల్లలనైనా వాడవచ్చు. సీసపు గుండుకు రంగు ఈకలో రబ్బరు తోకో తగిలించిన జిగ్ అనే కృత్రిమ ఎరనైనా వాడవచ్చు. రెండు గ్రాముల జిగ్ చాలు. క్రాపీ తనకంటే పైన ఉన్న మేతను చూసి పైకి లేచి అందుకుంటుంది గనుక ఎర దానికి కొంచెం ఎగువనే ఉండాలి, కిందికి పోతే కంటబడదు. ఇది గుంపుగా తిరిగే చేప. మునిగిన చెట్లు, కొమ్మల కుప్పలు, పడవల రేవుల నీడలు దాని ఇళ్లు. పండుగ అయిపోయాక క్రిస్మస్ చెట్లను చెరువుల్లో ముంచి వీటికి గూళ్లు ఏర్పరచడం అక్కడ వాడుక. వసంతంలో నీరు కాస్త వెచ్చబడి పదహారు, ఇరవై డిగ్రీల సెల్సియస్ మధ్యకు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్లలోకి వస్తుంది. కొత్తవాళ్లకు అదే అదను.

ఇక చట్టం. టెక్సస్‌లో పదిహేడేళ్లు నిండినవారు గాలం వేయాలంటే లైసెన్సు ఉండాలి. బయటి నుంచి వచ్చినవారికి ఒక్క రోజుకూ ఇస్తారు. క్రాపీ విషయంలో సాధారణ నియమం: రోజుకు మనిషికి 25 చేపలు మించకూడదు, పది అంగుళాలకు తక్కువున్నదాన్ని ఉంచుకోకూడదు. అందుకని ప్రతివాడి దగ్గరా ఒక కొలబద్ద ఉంటుంది. తొమ్మిదిన్నర అంగుళాల చేపను కొలిచి, మారు మాట్లాడకుండా నీళ్లలోకి జారవిడిచేవాళ్లను చూస్తే నాకు ముచ్చటేసింది. చూసేవాళ్లెవరూ లేనిచోట కూడా కొలబద్దకు కట్టుబడటం చిన్న సంగతి కాదు.

అయితే అక్కడ మరో రకం జాలర్లున్నారు. వాళ్లు పది అంగుళాలైనా, పదిహేనైనా దేన్నీ ఉంచుకోరు. పడతారు, ఫొటో తీసుకుంటారు, వదిలేస్తారు. సాయంత్రానికి ముప్పయ్యో నలభయ్యో పట్టి ఉంటారు, పెట్టె మాత్రం ఖాళీ. ఒడ్డున వాళ్లకు గౌరవం కూడా ఎక్కువే. మా మనవడికి వాళ్ల పద్ధతి నచ్చింది. "తాతా, మనమూ అన్నీ వదిలేద్దాం. అప్పుడు మనం మంచివాళ్లం కదా?" అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చాక మా ఆవిడ చెవిన పడింది. "తినేదానికి పట్టితే ఒక అర్థముంది. ఆటకని దాని మూతిలో ముల్లు గుచ్చేదేమి మంచితనం నాయనా?" అంది. తాను చేపను చేత్తో కడిగి వండే మనిషి. అందులో ఆమెకు పాపభీతి ఏమీ లేదు. వాడు నా ముఖం చూశాడు. పిల్లవాడికి జవాబు చెప్పాలి. అదీ వాడు పెద్దయ్యాక కూడా నిలబడే జవాబు కావాలి.

ముందు వదిలేవాళ్ల పక్షం వినాలి. వదిలితే చేప బతుకుతుంది, మళ్లీ గుడ్లు పెడుతుంది, చెరువు నిండుగా ఉంటుంది. మనిషికి నీటి పక్కన కూర్చునే ఆనందం దక్కుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఇందులో నిజముంది. లోతు తక్కువ నీళ్లలో, చేతులు తడిచేసుకుని, తొందరగా విడిచిన చేప చాలావరకు బతుకుతుంది. పది అంగుళాల నియమం నిలబడింది కూడా ఈ నమ్మకం మీదే.

ఎదుటి పక్షం అడిగేది నొప్పి సంగతి. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్, ఆమె సహచరులు ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషాన్నీ, ఎసిటిక్ ఆమ్లాన్నీ ఎక్కించి చూశారు. అవి మేత ముట్టడానికి ఎక్కువ సేపు తీసుకున్నాయి. ఆమ్లం ఎక్కించినవి పెదవులను తొట్టి అడుగునున్న గులకరాళ్లకు రుద్దుకున్నాయి. చేపకు నొప్పి ఉందనడానికి ఇది సాక్ష్యమని వారు వాదించారు. నొప్పిని అనుభవించే మెదడు నిర్మాణం చేపకు లేదని ఆస్ట్రేలియాకు చెందిన బ్రయాన్ కీ వంటివారు 2016లో ఎదురు వాదించారు. శాస్త్రజ్ఞుల తగవు మనం తీర్చలేం. కానీ తగవు తేలేదాకా, నొప్పి ఉండవచ్చునన్న అనుమానపు లాభం ఎవరికివ్వాలి? గాలం పట్టుకున్నవాడికా, గాలానికి తగులుకున్నదానికా?

చట్టాలు ఈ మెలికను వేరే దారిలో పట్టుకున్నాయి. 1972 నాటి జర్మనీ చట్టం సహేతుకమైన కారణం లేకుండా ఏ జంతువుకూ బాధ కలిగించరాదంటుంది. ఆహారం కారణమవుతుంది; వినోదం ఒక్కటే అయితే కారణం కాదని అక్కడ అన్వయం. స్విట్జర్లాండ్ 2008 నియమావళి వదిలేసే ఉద్దేశంతోనే గాలం వేయడాన్ని సూటిగా నిషేధించింది. మన దేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా ఆహారం కోసం చంపడాన్ని మినహాయిస్తూ, అందులో అనవసరమైన బాధ ఉండకూడదని షరతు పెట్టింది. మూడు చట్టాల వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే – అవసరమేమిటి? ఏ చట్టమూ చదవని మా ఆవిడ అడిగిందీ అదే.

ఇంతవరకు వచ్చాక కూడా నాకు తృప్తి కలగలేదు. పట్టి తినేవాడిది అవసరం, పట్టి వదిలేవాడిది ఆట అని తేల్చేస్తే, వదిలేవాడిలోని జాలిని తీసిపారేసినట్టవుతుంది. ఆ జాలి నటన కాదు. చేపను విడిచేటప్పుడు వాళ్ల చేతుల్లోని మెత్తదనం నేను కళ్లారా చూశాను. మరి లోపం ఎక్కడుంది? దానికి దారి చూపింది ఒక చెరువు నియమం.

డల్లాస్‌కు తూర్పున లేక్ ఫోర్క్ అనే పెద్ద జలాశయం ఉంది. డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి రోజు దాకా అక్కడ క్రాపీకి పది అంగుళాల నియమం వర్తించదు. అంతే కాదు, పట్టిన ప్రతి క్రాపీనీ ఉంచుకుని తీరాలి. చిన్నదైనా సరే, 25 లెక్కలో పడుతుంది. లెక్క పూర్తయితే గాలం చుట్టేయాలి. వదలడం అక్కడ నేరం! ఎన్నో ఏళ్లుగా ఉన్న నియమమిది. అల్లుడుగారు చెప్పినప్పుడు మొదట వింతగా తోచింది. కారణం విన్నాక వింత పోయింది.

చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది. నీటిలో తేలడం, మునగడం దాని వల్లనే సర్దుకుంటుంది. చలికాలంలో క్రాపీలు లోతు నీళ్లలోకి దిగిపోతాయి. లోతున నీటి ఒత్తిడి ఎక్కువ. సుమారు పది మీటర్ల లోతుకు ఒక వాతావరణపు ఒత్తిడి అదనంగా చేరుతుంది. అక్కణ్ణుంచి చేపను గబగబా పైకి లాగితే ఒత్తిడి సగానికి పడిపోయి, తిత్తిలోని గాలి రెట్టింపు చోటుకు ఉబ్బుతుంది. క్రాపీకి ఆ గాలిని చప్పున బయటికి వదిలే మార్గం లేదు. లోపలి అవయవాలు నలిగిపోతాయి. విడిచిపెడితే కిందికి దిగలేక పైనే తేలుతుంది, ఏ పక్షికో చిక్కుతుంది. దిగినా చాలావాటికి బతుకుండదు. అంటే, వదిలినవాడు జాలితో వదిలాడు, చేప మాత్రం చచ్చింది. అతను దాన్ని లెక్కలో వేసుకోలేదు గనుక ఇంకొకటి పట్టాడు, దాన్నీ వదిలాడు. సాయంత్రం ఖాళీ పెట్టెతో, తేలికైన మనసుతో ఇంటికి వెళ్లాడు. ఇరవయ్యయిదు పట్టి తిన్నవాడికంటే నలభై పట్టి వదిలినవాడు ఎక్కువ చంపి ఉండవచ్చు. ఆ నియమం చేసినవారు ఇది గమనించారు.

బ్యాంకులో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఏ ఖాతాకు చెందుతుందో వెంటనే తేలని మొత్తాన్ని అప్పటికి అందులో వేస్తాం. ఆ పూట లెక్క సరిపోతుంది, పుస్తకం మూస్తాం. కానీ పద్దు తీరినట్టు కాదు. అది అక్కడే కూర్చుని ఉంటుంది. ఆడిటర్ వచ్చి మొట్టమొదట తెరిచేది ఆ ఖాతానే. లోతు నీళ్లలోంచి లాగి వదిలిన చేప నాకు ఆ పద్దులా కనిపించింది. పెట్టె ఖాళీగా ఉంది గనుక లెక్క సరిపోయినట్టుంది. నీటి కింద ఏమైందో ఎవరూ తెరిచి చూడరు. ఎరగా గుచ్చిన చేపపిల్ల సంగతీ అంతే. పెద్ద చేపను వదిలిన జాలిలో ఆ చిన్నదానికి వాటా లేదు. దాని పేర పద్దే రాయలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఉద్దేశం మంచిదైతే చాలదా? ఫలితం మన చేతిలో ఉందా? ఇది చాలా పాత తగవు. మజ్ఝిమనికాయంలోని ఉపాలి సుత్తంలో ఇదే చర్చ నడుస్తుంది. పాపానికి చేసిన పని ముఖ్యమని జైనుల పక్షాన ఉపాలి వాదానికి వెళతాడు. మనసు ముఖ్యమని బుద్ధుడు చెబుతాడు. చివరికి ఉపాలి బుద్ధుడి వైపు మొగ్గుతాడు. నేను బుద్ధుడితో తగవు పెట్టుకునేవాణ్ణి కాను. కానీ మనసు ముఖ్యమైతే, తెలుసుకోగలిగినదాన్ని తెలుసుకోకుండా ఉండిపోవడం కూడా మనసు చేసిన పనే కదా? ఇది లోతు నీరు, దీన్ని వదిలితే బతకదు అని తెలిసే వీలుండి కూడా అటు చూడనివాడి ఉద్దేశాన్ని పూర్తిగా మంచిదని ఎలా అనగలం? వాడు కాపాడింది చేపను కాదు, తన మనసు ప్రశాంతతను.

దీన్నిబట్టి పట్టి తినడమే పుణ్యమని నేననడం లేదు. అసలు గాలమే వేయనివారు మనందరికంటే ఒక మెట్టు పైనున్నారు. వారికి ఈ వ్యాసంతో పని లేదు. చేప తినే మనలాంటివాళ్లు మాత్రం, అంగట్లో తూకం వేయించుకున్న చేప కూడా గిలగిలా కొట్టుకునే చచ్చిందని గుర్తుంచుకోవాలి. గాలం వేసేవాడు ఆ చావును ఎదురుగా చూస్తాడు, అంతే తేడా. చూడటం వల్ల కొంత బాధ్యత పుడితే అది మంచిదే.

ఆ బాధ్యత ఎప్పుడు మొదలవ్వాలి? దీనికి జవాబు మళ్లీ మన ఊళ్లలోనే దొరికింది. నేను కృష్ణగిరి జిల్లాలో పనిచేసినప్పుడు డ్యామ్ మీద పుట్టి వేసుకుని చేపలు పట్టే ఒక పెద్దాయన వల కొనడానికి అప్పు కోసం వచ్చాడు. పెద్ద కన్ను వల కావాలన్నాడు. చిన్న కన్నుదైతే ఎక్కువ పడతాయి కదా అని నేనడిగాను, వాయిదాలు సక్రమంగా రావాలన్నది నా ఆలోచన. "పిల్లలన్నీ పట్టేస్తే రెండేండ్లకు నీళ్లే మిగిల్తాయి సార్. అప్పుడు మీ వాయిదా యాడనుంచి కట్టేది?" అన్నాడు. ఆయన పట్టినదాన్ని తీరిగ్గా ఏరి, జాలిపడి వదిలే మనిషి కాదు. చిన్నదాని మీద జాలి వల కొనేనాడే తీర్మానమైపోయింది. పిల్ల చేప ఆయన చేతికి రాకముందే కన్నులోంచి జారిపోతుంది. దానికి గుచ్చుకునే ముల్లూ లేదు, ఆయనకు వదిలానన్న గొప్పా లేదు.

కాళిదాసు శాకుంతలం ఆరో అంకంలో ఉంగరం దొరికిన జాలరిని రాజభటులు నీ వృత్తి ఎంత పవిత్రమో అని వెక్కిరిస్తారు. పుట్టుకతో వచ్చిన పని నిందపడినా విడవరానిదని అతను బదులిస్తాడు; యజ్ఞంలో పశువును చంపే శ్రోత్రియుడు మాత్రం దయగలవాడు కాడా అని గుర్తుచేస్తాడు. జాలరి వృత్తిని వెక్కిరిస్తూనే ఆటజాలరిని మెచ్చుకునే అలవాటు నేటికీ ఉంది. తూకంలో చూస్తే ఆ పెద్దాయన వల కన్నులోనే దయ ఎక్కువుందని నాకనిపిస్తుంది.

వదలడమే చెరువుకు మేలన్న మాట కూడా అన్నిచోట్లా నిలబడదు. చిన్న చెరువుల్లో క్రాపీలు మితిమీరి పెరిగితే మేత చాలక అన్నీ గిడసబారి అరచేయంత కూడా ఎదగవు. మన దగ్గర 1952లో తెచ్చి వదిలిన జిలేబి చేప కథా ఇంతే. అటువంటి నీళ్లలో తినడానికి నాలుగు తీసుకోవడమే చెరువుకు సాయం. ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ వదలాలి అన్నది ఆ నీటి లోతును, కాలాన్ని, చేప సంఖ్యను అడిగి తెలుసుకోవాలి. మన మనసు మెత్తదనాన్ని అడిగితే అది ఎప్పుడూ మనకు అనుకూలంగానే చెబుతుంది.

మనవడికి నేను చెప్పిన జవాబు ఇంత పొడుగు లేదు. గాలం వేయకముందే ఇంట్లో తినేవాళ్లను లెక్కపెట్టు అన్నాను. అమ్మ, నాన్న, అవ్వ, తాత, వాడు – అయిదుగురు. మనిషికి రెండు చొప్పున పది. పది అంగుళాలు దాటిన పది పడగానే, ఎండ ఎంత బాగున్నా, చేపలు ఎంత జోరుగా తగులుతున్నా, దారం చుట్టేయాలి. చిన్నది తగిలితే తడిచేత్తో, నీటి దగ్గరే విడవాలి. అది సులువుగా ఊడేలా గాలానికున్న ఎదురుముల్లును ముందే కటకటాతో నొక్కేయాలి. చలికాలంలో లోతు నీళ్ల జోలికి పోతే తగిలింది తగిలినట్టు లెక్కలో వేసుకోవాలి. ఉంచుకున్నదాన్ని పెట్టెలో గంటల తరబడి కొట్టుకోనివ్వకుండా ఒక్క దెబ్బతో ముగించాలి. పట్టింది పారేయకూడదు.

"మరి మనం మంచివాళ్లమేనా?" అని వాడు మళ్లీ అడిగాడు. ఆ సంగతి మనం తేల్చుకునేది కాదు, ముందు లెక్క సరిగా రాద్దాం అన్నాను. వాడికి అది పూర్తిగా నచ్చినట్టు లేదు. కానీ మరుసటి ఆదివారం బయల్దేరేముందు తనే వంటింట్లోకి వెళ్లి, ఈ రోజు ఎన్ని కావాలని వాళ్ల అవ్వను అడిగాడు. ఆ రోజు అల్లుడుగారు ఊళ్లో లేరు, ఎనిమిది చాలంది.